ఏడో నెల బిడ్డకు మందు ఎంత?

ఒకప్పుడు బరంపురం తెలుగువాళ్ల ఇళ్లలో సానరాయి లేని ఇల్లు ఉండేది కాదు. వసకొమ్ము, కరక్కాయ, జాజికాయ దానిమీద అరగదీసి, ఆ గంధాన్ని తల్లిపాలలో కలిపి ఉగ్గుగిన్నెతో పోసేవారు. మోతాదుకు కొలత చుట్లు. నెల బిడ్డకు ఒక చుట్టు, మూడో నెల వస్తే రెండు, అన్నప్రాశన నాటికి మూడు. ఇది మా నాయనమ్మ లెక్క. ఆమె ఏ గ్రంథమూ చదవలేదు గాని ఆమె లెక్కకు శాస్త్రంలో పూర్వీకులున్నారు. శార్ఙ్గధర సంహితలో మొదటి నెల బిడ్డకు ఒక గురివింద గింజ ఎత్తు మందు అనీ, ఏడాది నిండేవరకు నెలకో గింజ చొప్పున పెంచమనీ ఉంది. కాశ్యప సంహిత అప్పుడే పుట్టిన బిడ్డకు వాయువిడంగపు గింజంత చాలునంటుంది. బిడ్డకు మందు ఎంత అనే ప్రశ్న మన పెద్దలకు చాలా కాలంగా తెలుసునన్నమాట. వాళ్లు నమ్ముకున్న కొలబద్ద వయసు.

పాశ్చాత్యులు కూడా అదే దారిన వెళ్లారు. కాంతి తరంగమని నిరూపించిన థామస్ యంగ్ వృత్తిరీత్యా వైద్యుడు. 1813లో ఆయన ఒక సూత్రం చెప్పాడు. బిడ్డ వయసు ఏళ్లలో తీసుకుని, దానికి పన్నెండు కలిపి, ఆ మొత్తంతో వయసును భాగించాలి. వచ్చిన భిన్నమే పెద్దవాళ్ల మోతాదులో బిడ్డ వంతు. నాలుగేళ్ల పిల్లకు నాలుగు బై పదహారు, అంటే పావు వంతు. చక్కగా ఉంది. కాని అప్పుడే పుట్టిన బిడ్డ వయసు సున్న. సున్నను పన్నెండుతో భాగిస్తే సున్నే. ఆ సూత్రం ప్రకారం పురిటిబిడ్డకు మందే లేదు. మరి రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డ సంగతేమిటి? వాడి వయసు సున్నకంటే రెండు నెలలు తక్కువ. యంగ్ గారి సూత్రంలో రుణసంఖ్య వేస్తే మందు ఇవ్వడం పోయి బిడ్డ దగ్గరే తీసుకోవలసి వస్తుంది.

నేను నలభై ఏళ్లు లెక్కల మేష్టారుగా పనిచేసినవాణ్ణి. వైద్యుణ్ణి కాను. అయినా ఈ రుణసంఖ్య వెంట పడి చదవడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో వైద్యులు, లెక్కలవాళ్లు కలిసి చేసిన ఒక పెద్ద పని అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది: నెలలు నిండని బిడ్డ వయసును ఎక్కడినుంచి లెక్కపెట్టాలి? దానికి మన గంజాం తెలుగువాళ్లతో ప్రత్యేకమైన సంబంధం ఒకటి ఉంది. అది చివర చెబుతాను.

ముందు ఈ ప్రాంతపు సంగతి రెండు మాటల్లో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మనం మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లం. వైద్యం చదవాలంటే మద్రాసు, 1923 తర్వాత విశాఖపట్నం. కటకంలో వైద్య కళాశాల 1944లో వచ్చింది. బరంపురంలో 1962లో మొదలైన కళాశాల తర్వాత పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టుకుంది. నెలలు నిండని బిడ్డల మందుల చరిత్రలో ఘోరమైన పాఠాలు చాలావరకు ఆ కళాశాల పుట్టకముందే, సముద్రాలకు అవతల, పది పన్నెండేళ్లలో జరిగిపోయాయి. వాటిలో ఒక కొస మాత్రం మన తెలుగువాడి ప్రయోగశాలకు తగులుతుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1940లో అమెరికాలో లెడర్లే సంస్థకు వెళ్లి పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన పేరు చెబితే గంజాంలో మొదట గుర్తుకు రావలసింది బోదకాలు మందు హెట్రజాన్. ఆ మందు 1947లో ఆయన బృందం చేతుల మీదుగా వచ్చింది. దేశానికి బోదకాలు నివారణ కార్యక్రమం 1955లో రావడానికి ముందు, 1949 నుంచి 1954 వరకు పైలట్ ప్రాజెక్టు నడిచింది మన ఒరిస్సాలోనే. ఇప్పటికీ ఊరంతా ఆ మాత్రలు మింగే రోజున రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం ఇవ్వరు. అదే లెడర్లేలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. అది 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది పెద్దబిడ్డ. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆయన బతికి ఉంటే ఆ కుటుంబంలో మరో మందు, ఆక్సిటెట్రాసైక్లిన్, అనుకోకుండా ఒక రహస్యాన్ని బయటపెట్టడం చూసి ఉండేవారు.

అది న్యూయార్కులో బేబీస్ హాస్పిటల్. నెలలు నిండని బిడ్డలకు చీము పట్టకుండా ముందుజాగ్రత్తగా పెన్సిలిన్‌తో పాటు సల్ఫిసాక్సజోల్ అనే సల్ఫా మందు ఇవ్వడం అక్కడ అలవాటు. విలియం సిల్వర్‌మన్ బృందం సగం మందికి ఈ పాత జోడీ, సగం మందికి కొత్త ఆక్సిటెట్రాసైక్లిన్ ఇచ్చి పోల్చి చూసింది. ఎవరికి ఏది అన్నది చీటీ మీద వదిలేశారు. 1956లో అచ్చయిన ఫలితం ఎవరూ ఊహించనిది. పాత, నమ్మకమైన జోడీ తీసుకున్న బిడ్డలే ఎక్కువమంది పోయారు. పోయినవాళ్ల మెదడు కోసి చూస్తే లోపల పసుపు రంగు. కామెర్ల పసుపు మెదడుకెక్కడాన్ని కెర్నిక్టెరస్ అంటారు.

కారణం తర్వాత మూడేళ్లకు తేలింది. కామెర్ల పదార్థం బిలిరుబిన్ రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీనును పట్టుకుని తిరుగుతుంది. రైలు పెట్టెలో సీటు దొరికినవాడిలా కూర్చుని ఉన్నంతసేపు ఎవరికీ హాని చేయదు. సల్ఫా మందు వచ్చి ఆ సీటు లాక్కుంటుంది. లేచిన బిలిరుబిన్ నేరుగా మెదడులోకి దిగుతుంది. పెద్దవాళ్లలో ఇదే జరిగినా కాలేయం దాన్ని వెంటనే బయటకు తోసేస్తుంది. ఏడో నెల బిడ్డ కాలేయానికి ఆ పని ఇంకా చేతకాదు. మందు మోతాదు ఎక్కువై చేసిన హాని కాదిది. ఆ వయసు ఒంట్లో మందు ఎక్కడ కూర్చుంటుందో ఎవరూ అడగకపోవడం వల్ల జరిగింది.

అందులో నెగ్గిన టెట్రాసైక్లిన్ కూడా ఎంతోకాలం నెగ్గలేదు. నెలలు నిండని బిడ్డల ఎముకల్లో అది చేరి ఎదుగుదలను ఆపుతోందని 1963లో తేలింది. పళ్లకు పసుపు రంగు పట్టిస్తుందన్న సంగతి ఈ వ్యాసం చదివేవారిలో కొందరికి తమ అద్దమే చెప్పి ఉంటుంది. మా తరంవాళ్లకు జ్వరమొస్తే ఆ గొట్టాలు ధారాళంగా రాసేవారు.

ఇక క్లోరోమైసిటిన్. టైఫాయిడ్ వచ్చి లేచినవారికి ఈ పేరు దేవుడి పేరుతో సమానం. క్లోరాంఫెనికాల్ అనే ఈ మందును కూడా 1950లలో అమెరికాలో పురిటిబిడ్డలకు ముందుజాగ్రత్తగా ఇచ్చారు. లాస్ ఏంజెలస్ కౌంటీ ఆసుపత్రిలో బర్న్స్, హాడ్జ్‌మన్, కాస్ అనే ముగ్గురు వైద్యులు నెలలు నిండని బిడ్డలను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏ మందూ లేదు. ఒకదానికి పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్. ఒకదానికి క్లోరాంఫెనికాల్. ఒకదానికి మూడూ. 1959 డిసెంబరులో ఫలితాలు అచ్చయ్యాయి. మందు లేని గుంపులో నూటికి 19 మంది చనిపోయారు. పెన్సిలిన్ గుంపులో 18 మంది. క్లోరాంఫెనికాల్ గుంపులో 60 మంది. మూడూ ఇచ్చిన గుంపులో 68 మంది. ఈ అంకెలను నేను చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ మొదటి అంకె దగ్గరే ఆగిపోతాను. ఏమీ ఇవ్వకుండా ఊరుకున్న వార్డులో ఎక్కువమంది బతికారు.

ఆ బిడ్డలు పాలు మానేసి, కడుపు ఉబ్బి, ఒళ్లు బూడిద రంగుకు తిరిగి చల్లబడి పోయేవారు. అందుకే దానికి గ్రే బేబీ సిండ్రోమ్ అని పేరు. మరుసటి ఏడు వైస్, గ్లాజ్కో, వెస్టన్ అనేవాళ్లు రక్తంలో మందును కొలిచి అసలు సంగతి చెప్పారు. నాలుగైదేళ్ల పిల్లల రక్తంలో ఆ మందు సగానికి తగ్గడానికి సుమారు 4 గంటలు పడుతుంది. పుట్టిన ఒకటి రెండు రోజుల బిడ్డలో 26 గంటలు. కాలేయం ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించి మందును నీటిలో కరిగేలా చేసి మూత్రంలోకి పంపుతుంది. ఆ తగిలించే పనివాడు పురిటిబిడ్డలో ఇంకా డ్యూటీలో చేరలేదు. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీగ్రాములు దాటించి ఇస్తూ పోతే నిన్నటిది పోకముందే నేటిది వచ్చి పడుతుంది. కొలత తెలిశాక పురిటిబిడ్డల మోతాదు 25 మిల్లీగ్రాములకు దించారు. వైద్యులు వాడింది నిజానికి బరువు లెక్కే. కిలోకు ఇంత అని గుణించి మరీ ఇచ్చారు. గుణకారంలో తప్పు లేదు. బిడ్డను చిన్న సైజు పెద్దమనిషి అనుకోవడంలో ఉంది.

1982లో మరొకటి జరిగింది. సన్నని రక్తనాళపు గొట్టాలను కడగడానికి వాడే సెలైనులో పాడవకుండా కలిపిన బెంజైల్ ఆల్కహాలు చిట్టి బిడ్డలను చంపుతోందని బయటపడింది. మందు కూడా కాదు, మందుకు తోడు వచ్చిన నీరు.

ఇప్పుడు లెక్క దగ్గరకు వద్దాం. ఒంట్లో మందు ఎలా నడుస్తుందో లెక్కకట్టే శాస్త్రాన్ని ఫార్మకోకైనెటిక్స్ అంటారు. స్వీడన్‌లో టోర్స్టన్ టియోరెల్ 1937లోనే దీనికి సమీకరణాలు రాశాడు. కాని ఆ పేరు పెట్టినవాడు ఫ్రీడ్రిష్ డోస్ట్ అనే జర్మనీ వైద్యుడు, 1953లో. ఆయన పిల్లల వైద్యుడు కావడం కాకతాళీయం కాదని నా నమ్మకం.

శివాలయంలో లింగం మీద వేలాడే ధారాపాత్రను తలుచుకోండి. పాత్ర ఎంత వెడల్పో అంత ఎక్కువ నీరు పోస్తేగాని మట్టం రాదు. అడుగున చిల్లు ఎంత పెద్దదో అంత త్వరగా ఖాళీ అవుతుంది. బిడ్డ ఒళ్లు పాత్ర. రక్తంలో మందు గాఢత మట్టం. కాలేయం, మూత్రపిండాలు చిల్లు. (చిల్లులోంచి నీరు కారే వేగం మట్టానికి వర్గమూలం కదా అని ఎవరైనా సైన్సు మేష్టారు అభ్యంతరం చెబుతారు. ఒప్పుకుంటాను. ఉపమానానికి అంతవరకే హద్దు.) పెద్దవాళ్ల బరువులో నూటికి 60 పాళ్లు నీరైతే, నెలలు నిండని బిడ్డలో 80 దాటి ఉంటుంది. నీటిలో కరిగే మందుకు వాడి పాత్ర బరువును బట్టి చూస్తే పెద్దవాళ్ల పాత్రకన్నా వెడల్పు. చిల్లు మాత్రం సూదిమొనంత. అంటే మొదటి మోతాదు కిలో లెక్కన మనకన్నా ఎక్కువే కావాలి, తర్వాతి మోతాదులు మాత్రం బాగా దూరంగా పడాలి. చిన్నబిడ్డకు చిన్న మోతాదు అనే ఇంగితజ్ఞానానికి ఇది సరిగ్గా ఎదురు.

సిద్ధాంతం బాగుంది. అంకెలు ఎలా వస్తాయి? పెద్దవాళ్లలో అయితే గంటగంటకు రక్తం తీసి గ్రాఫు గీస్తారు. కిలో బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం ఒక చిన్న కాఫీ గ్లాసుకు సరిపోదు, సుమారు 90 మిల్లీలీటర్లు. పన్నెండుసార్లు తీస్తే పరీక్షే ప్రాణం తీస్తుంది. ఇక్కడ లెక్కలవాళ్లు అడుగుపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లూయిస్ షైనర్ అనే వైద్యుడు, 1977లో రోజెన్‌బర్గ్, మరాఠే అనే మరో ఇద్దరితో కలిసి ఒక మార్గం చూపాడు. ఒక్కొక్క రోగి దగ్గర పూర్తి గ్రాఫు అక్కర్లేదు. వైద్యం కోసం ఎలాగూ తీసే ఒకటి రెండు చుక్కలు చాలు, ఏ వేళ తీశారో రాసిపెట్టుకుంటే. అలాంటి చుక్కలు చాలామంది దగ్గర పోగుచేసి, అందరినీ ఒకే సమీకరణంలో కూర్చి, సగటు ఎంత, మనిషికీ మనిషికీ తేడా ఎంత, కొలతలో పొరపాటు ఎంత అని విడదీయవచ్చు. తర్వాత స్టువర్ట్ బీల్ చేరి దానికి కంప్యూటరు ప్రోగ్రాం రాశాడు. లేత ఒళ్లను గాయపరచకుండా తెలుసుకునే మార్గం అలా దొరికింది.

దానికి మచ్చుగా 1985లో గ్రాసెలా, డాన్ అచ్చువేసిన లెక్క ఉంది. ఫిట్స్ రాకుండా ఫినోబార్బిటాల్ ఇచ్చిన 59 మంది నెలలు నిండని బిడ్డలు. అందరికీ కలిపి కొలతలు 155. తలకు మూడైనా లేవు. ఆ పట్టిక ఈనాటికీ ప్రపంచమంతటా విద్యార్థులు అభ్యాసానికి వాడుకుంటారు, ఉచితంగా దొరుకుతుంది. నేనూ మా మనవడి కంప్యూటరులో తెరిచి చూశాను. బిడ్డ నంబరు ఒకటి. బరువు 1.4 కిలోలు. మొదటి మోతాదు 25 మిల్లీగ్రాములు. రెండు గంటలకు రక్తంలో లీటరుకు 17.3 మిల్లీగ్రాములు. తర్వాత పన్నెండేసి గంటలకు 3.5 చొప్పున ఇచ్చారు. నూట పన్నెండున్నర గంటలకు 31.

ఆ 59 మంది నుంచి తేలిన సగటు ప్రకారం కిలోకు పాత్ర 0.96 లీటరు, చిల్లు గంటకు 4.7 మిల్లీలీటర్లు. పెన్సిలు తీసి మీరూ వేయండి. 25ను 1.4తో భాగించి, 0.96తో భాగిస్తే 18.6. కొలిచింది 17.3. అంతదూరాన, నలభై ఏళ్ల కిందటి, పేరు తెలియని బిడ్డకు సమీకరణం అంత దగ్గరగా వచ్చింది. సగానికి తగ్గే కాలం సుమారు 140 గంటలు, దాదాపు ఆరు రోజులు. మట్టం 20 దగ్గర నిలపాలంటే రోజుకు కిలోకు రెండుంపావు మిల్లీగ్రాములు చాలు. ఆ బిడ్డకు ఐదు పడింది. అందుకే 31కి ఎక్కింది. ఇంకొక మాట కూడా ఆ లెక్క చెప్పింది. పుట్టగానే ఏడవక, కదలక, అప్‌గార్ మార్కులు ఐదుకు తగ్గిన బిడ్డల్లో పాత్ర నూటికి 13 పాళ్లు పెద్దదట. పుట్టుకలో పడిన కష్టం మందు నడకలో కనిపించింది.

కాఫీ ప్రియులమైన మనం తప్పక తెలుసుకోవలసినది ఒకటుంది. నెలలు నిండని బిడ్డలు ఊపిరి పీల్చడం మరచిపోతారు. నిజంగానే, ఇరవై సెకన్లు, ముప్పై సెకన్లు. దానికి మందు కెఫీన్, మన కాఫీలో ఉన్నదే. 1970లలో ముందుగా థియోఫిలిన్ వాడి, రక్తం పరీక్షిస్తే అందులో ఎవరూ ఇవ్వని కెఫీన్ కనిపించింది. పెద్దవాళ్ల కాలేయం కెఫీన్‌ను విరిచి థియోఫిలిన్ చేస్తుంది. ఈ బిడ్డ కాలేయం థియోఫిలిన్‌ను పట్టుకుని కెఫీన్ చేస్తోంది! ఏటికి ఎదురు ఈత. ఉదయం తాగిన కాఫీలో కెఫీన్ మనలో సుమారు ఐదు గంటలకు సగమవుతుంది. వాడిలో వంద గంటలు పడుతుంది. కాబట్టి మొదట ఒక పెద్ద మోతాదు, తర్వాత రోజుకొక్కసారి కొద్దిగా, అంతే. 2006లో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. అందులో చేరిన బిడ్డలు కూడా సరిగ్గా 2006 మందే. కెఫీన్ ఇచ్చిన బిడ్డలు ఊపిరి యంత్రం నుంచి వారం రోజులు ముందుగా బయటపడ్డారు. వాళ్లలో సెరిబ్రల్ పాల్సీ కూడా తగ్గిందని మరుసటి ఏడు తెలిసింది.

ఇక అసలు ప్రశ్న. చిల్లు ఎప్పుడు పెద్దదవుతుంది? దీనికి జవాబు కనుక్కునేసరికి కొత్త శతాబ్దం వచ్చింది. 2009లో ఒక బృందం నెలలు నిండని బిడ్డల మొదలు యువకుల దాకా 923 మంది మూత్రపిండాల వడపోతను ఒకే గీత మీదకు తెచ్చింది. ఆ గీతకు అడుగున వేసిన కాలం పుట్టిన రోజు నుంచి కాదు, తల్లి చివరి బహిష్టు మొదటి రోజు నుంచి. అలా లెక్కపెడితే ఒడిదుడుకులు లేని గీత వచ్చింది. ఒళ్లు సైజును సరిచేశాక, సుమారు 48 వారాల దగ్గర వడపోత పెద్దవాళ్లలో సగానికి చేరుతుంది. నిండునెలల కాన్పు 40 వారాలకు కదా, దాని తర్వాత మరో రెండు నెలలు. కాన్పు ముందుగా జరిగినంత మాత్రాన మూత్రపిండం తన గడియారాన్ని ముందుకు తిప్పుకోదు. యంగ్ సూత్రంలో రుణసంఖ్య పీడ ఇలా విరగడైంది. సున్నను తల్లి కడుపులోకి జరిపారు. (ఇలాంటి నమూనాలు పరిశీలించే విభాగానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో 2000ల దశకంలో నాయకుడు జోగారావు గొబ్బూరు. ఇంటిపేరు వింటే మనకు వేరే చెప్పనక్కర్లేదు.)

మన వార్డుల్లో దీని ఉపయోగం ఎక్కువగా జెంటామైసిన్ దగ్గర కనిపిస్తుంది. చీముకు చవకైన, మంచి మందు. నిల్వ ఉండిపోతే చెవి, మూత్రపిండం రెండూ పోతాయి. బయటకు వెళ్లేది పూర్తిగా మూత్రపిండం ద్వారానే. పూర్వం చిన్న మోతాదు రోజుకు రెండుసార్లు పొడిచేవారు. లెక్క తేలాక పెద్ద మోతాదు ఒక్కసారి, బిడ్డ పరిపక్వతను బట్టి 24 గంటలకో, 36కో, 48కో. ఇది ఆసుపత్రి గడప దాటి వెళ్లింది కూడా. గడ్చిరోలి పల్లెల్లో అభయ్ బంగ్ దంపతులు శిక్షణ ఇచ్చిన ఆడవాళ్లు ఇంటిదగ్గరే ఈ సూది వేసి పురిటిబిడ్డల మరణాలు బాగా తగ్గించారని 1999లో లోకం చదివింది. 2014లో కేంద్ర ప్రభుత్వం, ఆసుపత్రికి తీసుకెళ్లడం కుదరనప్పుడు ఏ.ఎన్.ఎం. ఈ సూది వేయవచ్చని అనుమతించింది, రోజుకు ఒక్కసారి, ఏడు రోజులు. రోజుకు ఒక్కసారి చాలునన్న లెక్క లేకపోతే ఆ అనుమతి కాగితం మీదే ఉండిపోయేది. పల్లెకు రోజుకు రెండుసార్లు ఎవరు వెళ్లగలరు?

2000 ప్రాంతంలో ఒడిశాలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో సుమారు 95 మంది ఏడాది నిండకుండా పోయేవారు. దేశంలోనే చివరి వరస. 2020 నాటికి అది 36కు వచ్చింది. అది చిన్న విషయం కాదు. ప్రసవాలు ఆసుపత్రికి చేరడం, జిల్లాల్లో పురిటిబిడ్డల ప్రత్యేక వార్డులు రావడం ఇందుకు తోడ్పడ్డాయి. అందుకే ఇప్పుడు లెక్క మరీ ముఖ్యం. పూర్వం వార్డుకు చేరకుండానే పోయే బిడ్డలు ఇప్పుడు చేరుతున్నారు, సూది వాళ్లదాకా వస్తోంది.

ఇక్కడ మన ప్రాంతపు చిక్కు ఒకటుంది. ఈ నమూనాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల బిడ్డల నుంచి వచ్చినవి. అక్కడ కిలోన్నర బిడ్డ అంటే చాలావరకు తొందరపడి పుట్టినవాడు. ఇక్కడ తల్లికే రక్తం లేక, తిండి చాలక, కడుపులోనే ఎదగక, నెలలు నిండాక కూడా కిలోన్నర తూగే బిడ్డలు ఎందరో. దక్షిణాసియాలో ఇలాంటివాళ్లు లోకంలో మరెక్కడా లేనంతమంది. తక్కెడలో ఇద్దరూ ఒకటే. లోపల గడియారాలు వేరు. ఎదగని బిడ్డ మూత్రపిండంలో వడపోత గుళికలు కూడా తక్కువగా ఉంటాయి కనుక వాణ్ణి మామూలు నిండు బిడ్డతో సమానం చేయడానికీ వీల్లేదు. వీళ్లను వేరుచేసి చూపేది ఒక్కటే, చివరి బహిష్టు తేదీ. మొత్తం సమీకరణానికి మొదటి అంకె అది.

ఆ అంకెను చెప్పేది తల్లి. ఏ భాషలో చెబుతుంది?

కొన్నేళ్ల కిందట మా మేనకోడలు ఇక్కడి ఒక ఆసుపత్రిలో ఆషాఢ మాసంలో ముందుగా ప్రసవించింది. ఇచ్ఛాపురం దగ్గరి పల్లెటూరి పిల్ల, ఒడియా రాదు. బిడ్డ 1300 గ్రాములు. నెల ఎప్పుడు తప్పింది అని అడిగితే, చివరిసారి ముట్టయింది కార్తీక బహుళ పంచమి నాడు, ఆరోజు ఇంట్లో పూజ ఉండి తాను దూరంగా కూర్చున్నాను కాబట్టి బాగా గుర్తు అని చెప్పింది. ఆయా ఆ మాటను తిప్పి చెప్పింది, నర్సు రాసుకుంది. కార్తిక కృష్ణ పంచమి. ఎక్కడా అబద్ధం లేదు. అనువాదమూ సరైనదే.

కాని మన తెలుగువాళ్లది అమాంత మాసం. అమావాస్యతో నెల ముగుస్తుంది. ఒడియావాళ్ల చాంద్రమాసం పూర్ణిమతో ముగుస్తుంది. శుక్లపక్షంలో ఇద్దరి నెల పేరూ ఒకటే కాబట్టి పండగలు కలిసి చేసుకుంటాం, తేడా తెలియదు. బహుళపక్షం వచ్చేసరికి వాళ్లు ఒక నెల ముందుంటారు. మన కార్తీక బహుళం వాళ్లకు మార్గశిరం. వాళ్ల కార్తిక కృష్ణపక్షం మనకు దీపావళి ముందటి ఆశ్వయుజ బహుళం. నర్సు వేసుకున్న తేదీ నెల వెనక్కి పోయింది. 32 వారాల బిడ్డ కాగితం మీద 36 వారాల బిడ్డ అయ్యాడు. జెంటామైసిన్ 36 గంటలకోసారి పడవలసినవాడికి 24 గంటలకోసారి అని రాశారు.

నేను సాయంత్రం వెళ్లి ఆ కాగితం చూసి లెక్క కుదరక, పిల్ల సంచి వెతికించి, మూడో నెలలో ఇచ్ఛాపురంలో తీయించిన స్కానింగు రిపోర్టు బయటకు తీశాను. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు దాన్ని చూసి, మారు మాట్లాడకుండా తేదీ కొట్టేసి మళ్లీ రాశాడు. రెండో సూది ఇంకా పడలేదు. పంచాంగం సంగతి ఆయనకు చెబితే, తన ఊరు కటకమనీ, ఈ తేడా తాను ఎన్నడూ వినలేదనీ అన్నాడు. వినడానికి ఆయనకు అవకాశమెక్కడ? కటకంలో అందరిదీ ఒకే పంచాంగం. ఈ తేడా బతికేది సరిహద్దు జిల్లాలోనే, రెండు భాషలు ఒకే వార్డులో మంచాలు వేసుకున్న చోటే.

ఇప్పుడు మొదటి మూడు నెలల్లో స్కానింగు తీస్తే తేదీ దాదాపు ఖాయంగా తెలుస్తుంది. తీయించుకున్నవాళ్లకు ఈ బాధ లేదు. పర్లాకిమిడి వైపు, కొండలవైపు నుంచి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఆరో నెలకో ఏడో నెలకో మొదటిసారి ఆసుపత్రి ముఖం చూస్తారు. అప్పటి స్కానింగులో రెండు మూడు వారాల అనుమానం ఉండనే ఉంటుంది. వాళ్లకు మిగిలింది తల్లి నోటిమాట.

మా వీధిలో కొత్త కోడళ్లకు మా ఆవిడ చేత ఒక మాట చెప్పిస్తున్నాను. తిథితో పాటు ఇంగ్లీషు తేదీ కూడా గోడ క్యాలెండరు మీద గుండ్రం చుట్టుకోండి, నెల తప్పితే ఆ కాగితం చింపి ఆసుపత్రి కార్డులో పెట్టుకోండి అని. అత్తగార్లు కొందరు నవ్వుతారు. క్యాలెండరు కాగితం చింపడం ఏమిటి, ఏడాది ఇంకా మిగిలే ఉంది కదా అంటారు. అందుకని కిందటి సంక్రాంతి నుంచి మా ఆవిడ రెండేసి క్యాలెండర్లు తెప్పిస్తోంది.